రాజ్యాన్ని పోపుకి రాసిచ్చి, మళ్లీ ఆయన దగ్గరే సామంతుడిగా పుచ్చుకున్న రాజు: తెలివా, చేతకానితనమా?

జేఎల్_ప్రిపరేషన్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జూనియర్ లెక్చరర్ పరీక్షకి హిస్టరీ చదువుతున్నాను. మధ్యయుగ యూరప్ దగ్గరికొచ్చేసరికి ఏ పుస్తకం తీసినా అదే పిరమిడ్ బొమ్మ. పైన రాజు, ఆయన కింద పెద్ద ప్రభువులు, వాళ్ల కింద నైట్లు, అడుగున రైతులు. చర్చిని ఎక్కడ పెట్టాలో తెలీక పక్కన ఓ శిలువ గీసి వదిలేస్తారు.

ఇంగ్లండ్ రాజు జాన్ దగ్గర మాత్రం ఆ బొమ్మ నాకు పనికిరావడం లేదు. 1213 మే 15న డోవర్ దగ్గర ఇతను ఇంగ్లండ్‌నీ ఐర్లండ్‌నీ పోపు మూడో ఇన్నొసెంట్‌కి రాసిచ్చేశాడట. వెంటనే మళ్లీ సామంతుడిగా ఆయన దగ్గరే పుచ్చుకున్నాడట. ఏడాదికి 1,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క) కప్పం. అంతకుముందు ఐదారేళ్లు అదే పోపుతో ఢీ అంటే ఢీ అన్నవాడు ఇలా ఎందుకు చేశాడు? భయమా, భక్తా, పిచ్చా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. నా గైడ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

కరణంగారి_అరుగు | సోమవారం, రాత్రి 9:20

భక్తి మాత్రం కాదు. అది గ్యారంటీ.

పాతపుస్తకాలు | సోమవారం, రాత్రి 10:05

ముందు ఆ పిరమిడ్‌ని పక్కన పెట్టండి. అందులో ఒక మనిషికి ఒకటే చోటు. నిజంలో అలా లేదు.

జాన్‌నే చూడండి. ఇంగ్లండ్‌లో ఆయన పైన ఇంకో ప్రభువు లేడు. సముద్రం దాటి నార్మండీ, ఆంజూ, అక్విటైన్ వైపు వెళితే మాత్రం అవి ఫ్రాన్స్ రాజు కింది భూములు. అక్కడ జాన్ రెండో ఫిలిప్‌కి సామంతుడు. 1200లో జాన్ అంగులేమ్ వారసురాలు ఇసబెల్లాని పెళ్లాడాడు. ఆ అమ్మాయికి అప్పటికే హ్యూ ద లూసిన్యాన్ అనే ప్రభువుతో సంబంధం ఖాయమై ఉంది. లూసిన్యాన్ వాళ్లు పోయి ఎవరి దగ్గర మొరపెట్టుకున్నారు? జాన్ పైప్రభువు ఫిలిప్ దగ్గర. 1202లో ఫిలిప్ కబురు పెట్టాడు, కొలువుకొచ్చి సమాధానం చెప్పమని. జాన్ వెళ్లలేదు. పిలిస్తే రాని సామంతుడికి భూమి ఉండదు, జప్తు అన్నాడు ఫిలిప్. 1204 కల్లా నార్మండీ పోయింది. కత్తితోనే తీసుకున్నాడు, కానీ కత్తి దూయడానికి సాకు భూస్వామ్య చట్టమే ఇచ్చింది.

ఇంకో ముచ్చట. విలియం మార్షల్ అని జాన్ కొలువులో మహా పేరున్న ప్రభువు. ఆయనకి నార్మండీలో కూడా ఆస్తులున్నాయి. అవి పోకూడదని 1205లో వెళ్లి ఫిలిప్ చేతుల్లో చేతులు పెట్టి విధేయత చెప్పి వచ్చాడు. తర్వాత జాన్ ఫ్రాన్స్ మీదికి పోదాం పద అంటే కదల్లేదు. ఆయన కూడా నాకు ప్రభువే, ఎలా కొట్టను అన్నాడు. జాన్ మండిపడ్డాడు గానీ చేయగలిగింది పెద్దగా లేదు. పిరమిడ్‌లో ఈ మనిషిని ఎక్కడ గీస్తారు?

ఇక చర్చి గొడవ. 1205లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ హ్యూబర్ట్ వాల్టర్ పోయాడు. అక్కడి మఠంలోని సన్యాసులు రహస్యంగా తమలోనే ఒకణ్ణి ఎన్నుకున్నారు. జాన్ తన మనిషి, నారిచ్ బిషప్ జాన్ ద గ్రేని ఎక్కించాలని చూశాడు. తగువు రోమ్‌కి చేరింది. పోపు రెండు ఎన్నికలూ కొట్టేసి, అక్కడున్న సన్యాసుల చేతే స్టీఫెన్ లాంగ్టన్‌ని ఎన్నిక చేయించాడు. ఇంగ్లండ్‌లోనే పుట్టినవాడు, కానీ ఏళ్ల తరబడి పారిస్‌లో పాఠాలు చెప్పుకుంటున్న పండితుడు. 1207లో పోపు స్వయంగా అభిషేకం చేశాడు. జాన్ అతన్ని గడప తొక్కనివ్వనన్నాడు. కాంటర్‌బరీ సన్యాసులను కూడా దేశం నుంచి తరిమేశాడు. 1208 మార్చిలో పోపు ఇంగ్లండ్ మొత్తం మీద ఇంటర్‌డిక్ట్, అంటే చర్చి పూజలు ఆపేసే శిక్ష, వేశాడు. 1209లో జాన్‌ని వెలివేశాడు.

మిగతాది రేపు, నిద్రొస్తోంది.

గుంటూరు_మిర్చి | సోమవారం, రాత్రి 10:31

ఒక బిషప్ పోస్టు కోసం దేశం దేశమే ఆగిపోవాలా? ఎవరుంటే ఏం? ప్రార్థన చేసుకునేవాడేగా.

కరణంగారి_అరుగు | సోమవారం, రాత్రి 10:58

మిర్చి గారూ, ప్రార్థన చేసుకునేవాడు కాబట్టి గొడవ కాదు, భూములున్నవాడు కాబట్టి గొడవ.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అంటే రాజు సైన్యానికి 60 మంది నైట్లను లెక్క చూపాల్సిన భూస్వామి. వించెస్టర్ బిషప్‌ది, లింకన్ బిషప్‌దీ అదే లెక్క. పీటర్‌బరో మఠాధిపతి కూడా 60 మందికి బాకీ. అంటే దేశంలో పెద్ద జమీందార్లలో చాలామంది బోడి తలలవాళ్లే. ఇంకో సంగతి, చదువూ లెక్కలూ వచ్చినవాళ్లు వాళ్లే కాబట్టి రాజు ఆఫీసు నడిపేది కూడా వాళ్లే. ఆ పోయిన హ్యూబర్ట్ వాల్టర్ ఆర్చిబిషప్పే కాదు, జాన్‌కి చాన్సలర్ కూడా. రాజముద్ర ఆయన అధికారం కింద ఉండేది.

దీనికి తోడు, బిషప్ పోయి కొత్తవాడు వచ్చేదాకా ఆ భూముల ఆదాయం రాజు ఖజానాకి. ఖాళీ ఎంత సాగితే అంత లాభం. కొత్తగా వచ్చేవాడు తన మాట వినేవాడైతే ఇంకా లాభం. ఇప్పుడు చెప్పండి, అంత ఆస్తి, అంత సైన్యం, అంత రహస్యం చేతికిచ్చే మనిషిని రోమ్‌లో కూర్చున్నాయన ఎంచితే ఏ రాజు ఊరుకుంటాడు? పోపు వైపు నుంచి చూస్తే అదీ నిజమే: ఆత్మల బాగోగులు చూసే మనిషిని రాజు తన గుమాస్తాని వేసుకున్నట్టు వేసుకుంటే ఎలా? 1077 జనవరిలో జర్మన్ రాజు నాలుగో హెన్రీ కనోసా కోట వాకిట మూడు రోజులు మంచులో నిలబడింది కూడా ఇలాంటి తగువులోనే.

రైతుబిడ్డ | మంగళవారం, ఉదయం 7:15

రాజులు, బిషప్పులు సరే. ఆ ఇంటర్‌డిక్ట్ అంటే ఊళ్లో ఉన్నవాళ్లకి ఏమయింది? వాళ్లు చేసిన పాపం ఏంటి? ఎవరో ఒకరు అది కూడా చెప్పండి.

లింకన్_నుంచి | మంగళవారం, ఉదయం 11:40

మంచి ప్రశ్న అడిగారు. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లోనే ఉంటాను, ఈ కాలం మీద ఇష్టంతో చదువుతుంటాను.

ఆరేళ్లకి పైగా, అంటే 1208 మార్చి నుంచి 1214 జులై దాకా గుడి గంట మోగలేదు. ఊరి చర్చిలో జనానికి పూజ లేదు. పసిపిల్లలకి బాప్టిజం ఇవ్వొచ్చు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పాపనివేదన వినొచ్చు, అంతవరకే. చనిపోయినవాళ్లని పవిత్ర స్థలంలో పూడ్చడానికి లేదు. పాదిరీ లేకుండా, మంత్రం లేకుండా ఊరి బయట, గుంటల పక్కన పూడ్చారని అప్పటి చరిత్రకారులు రాశారు. స్వర్గనరకాలను ఎదురింటిని నమ్మినంత గట్టిగా నమ్మే జనం వాళ్లు. అమ్మానాన్నలని అలా సాగనంపడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1209లో మఠాలకు మాత్రం కొంచెం సడలింపు వచ్చింది, వారానికోసారి తలుపులేసుకుని పూజ చేసుకోవచ్చని. జనానికి అది కూడా లేదు. దశమభాగం (పంటలో పదో వంతు చర్చికి కట్టడం) మాత్రం ఎవరూ మాఫీ చేసినట్టు కనబడదు.

జాన్ ఏం చేశాడంటే, ఇంటర్‌డిక్ట్ మొదలైన వెంటనే చర్చి ఆస్తులన్నీ స్వాధీనం చేసుకున్నాడు. పనిచేయని పాదిరీలకి పంట ఎందుకు అన్నట్టు. తర్వాత డబ్బు కట్టినవాళ్లకి కట్టినట్టు తిరిగిచ్చాడు. ఇందులో ఒక చిలిపి దుర్మార్గం ఉంది. పాదిరీలు పెళ్లి చేసుకోకూడదు కదా, చాలామంది ఇళ్లలో ఆడవాళ్లు ఉండేవారు. జాన్ మనుషులు ఆ ఆడవాళ్లని పట్టుకొచ్చి, డబ్బు కట్టి విడిపించుకోండి అన్నారు. రూల్ పోపుది, వసూలు రాజుది.

గుంటూరు_మిర్చి | మంగళవారం, ఉదయం 11:52

హహ్హ! ఈ జాన్ మన దగ్గర పుట్టుంటే ఎక్సైజ్ శాఖకి మంత్రి అయ్యేవాడు.

నల్లకోటు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అసలు ప్రశ్నకి వద్దాం. నా లెక్క ప్రకారం ఇది చేతకానితనమే. ఆరేళ్లు పోరాడి, చివరికి లాంగ్టన్‌ని ఒప్పుకుంటాను, చర్చికి నష్టపరిహారం కడతాను అని లొంగాడు. సరే, అక్కడితో ఆగొచ్చుగా? పోపు అడిగిన షరతుల్లో రాజ్యం రాసివ్వడం లేదు కదా. అడగనిది కూడా ఇచ్చి, పోపు ప్రతినిధి పాండల్ఫ్ ముందు ఒక రాజు విధేయతా ప్రమాణం చేయడమేంటి? మనిషి మెడ వంచడం వేరు, కిరీటం మెడ వంచడం వేరు. తన తర్వాత వచ్చే రాజులందరినీ కూడా బాకీలోకి నెట్టాడు.

పాతపుస్తకాలు | మంగళవారం, రాత్రి 8:45

నల్లకోటు గారూ, క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి, అప్పుడు తీర్పు ఇవ్వండి.

1213 వసంతం. అవతలి ఒడ్డున ఫిలిప్ ఓడలు, సైన్యం సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. వెలివేయబడ్డ రాజు మీద దండయాత్ర అంటే దోపిడీ కూడా పుణ్యకార్యం కిందికి వస్తుంది. ఇంగ్లండ్‌లోపల ప్రభువులు కొందరు ఏడాది కిందటే జాన్‌ని చంపాలని కుట్ర పన్ని దొరికి పారిపోయారు. అంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇలాంటప్పుడు జాన్ ఏం చేశాడు? రాజ్యాన్ని పోపు ఆస్తిగా మార్చేశాడు. ఇప్పుడు ఇంగ్లండ్ మీదికి వచ్చేవాడు జాన్ మీదికి కాదు, సెయింట్ పీటర్ భూమి, అంటే పోపు భూమి మీదికి వచ్చినట్టు. పాండల్ఫ్ వెళ్లి ఫిలిప్‌కి ఆగమని చెప్పాడు. ఫిలిప్‌కి ఒళ్లు మండింది, ఖర్చంతా పెట్టుకున్నాక ఆగమంటారా అని. ఇంతలో మే నెలాఖరుకి జాన్ సవతి తమ్ముడు సాల్స్‌బరీ ఎర్ల్ వెళ్లి ఫ్లాండర్స్‌లోని డామ్ రేవులో ఫ్రెంచి ఓడలని దొరికినన్ని దోచి, మిగిలినవి తగలబెట్టి వచ్చాడు. రాసిచ్చి దాదాపు పదిహేను రోజులకే.

ఇక ఖరీదు. 1,000 మార్కులు అంటే 666 పౌండ్ల చిల్లర. ఇంగ్లండ్‌కి 700, ఐర్లండ్‌కి 300, ఏడాదికి రెండు వాయిదాల్లో. 1207లో జాన్ ఒక్క పన్నుతో, ఆదాయంలోనూ చరాస్తిలోనూ 13వ వంతు చొప్పున, దాదాపు 60,000 పౌండ్లు వసూలు చేశాడు. ఆ పక్కన 666 ఎంత? నన్నడిగితే చవక బేరం. మహా చవక.

నల్లకోటు | మంగళవారం, రాత్రి 9:10

చవక బేరమే అయితే రెండేళ్లలో రన్నీమీడ్‌లో ఎందుకు తేలాడు? 1214 జులై 27న బూవీన్ దగ్గర ఫిలిప్ చేతిలో ఆయన మిత్రపక్షం చిత్తుగా ఓడింది. 1215 మే 17న తిరుగుబాటు ప్రభువులు లండన్ పట్టుకున్నారు. జూన్ 15న రన్నీమీడ్‌లో మాగ్నా కార్టా, అంటే రాజు అధికారానికి హద్దులు పెడుతూ ప్రభువులు రాయించుకున్న పత్రం. పోపు నీడ ఏం కాపాడింది?

పాతపుస్తకాలు | మంగళవారం, రాత్రి 9:41

రన్నీమీడ్ తర్వాత ఏమైందో చూడండి. 1215 ఆగస్టు 24న ఇన్నొసెంట్ మాగ్నా కార్టాని కొట్టేశాడు. ఇది సిగ్గుచేటు, నీచం, చట్టవిరుద్ధం, అన్యాయం అని తిట్టి మరీ. మీరు వకీలు కాబట్టి మీకు ఇందులో పాయింట్ వెంటనే అందుతుంది: భూమి పైప్రభువుది అయినప్పుడు, ఆయన అనుమతి లేకుండా కింది సామంతుడు హక్కులు వదులుకుంటూ పత్రం రాసిస్తే చెల్లుతుందా? దానికితోడు జాన్ ఆ మార్చిలో క్రూసేడుకి (జెరూసలేం కోసం చేసే మతయుద్ధానికి) వెళతానని శిలువ కూడా పుచ్చుకున్నాడు. క్రూసేడు మొక్కుకున్నవాడి ఆస్తికి చర్చి రక్షణ. జెరూసలేం వైపు ఒక్క అడుగు వేయలేదు, అది వేరే సంగతి.

నల్లకోటు | మంగళవారం, రాత్రి 9:55

ఈ పాయింట్ మీద మాత్రం ఆర్గ్యుమెంట్ బలంగా ఉంది. కాదనను. సామంతుడిగా ఉండటాన్ని అడ్డం పెట్టుకుని, కింది సామంతులకిచ్చిన మాట నుంచి జారుకోవడం. నా క్లయింట్ అయ్యుంటే ఫీజు ముందే వసూలు చేసేవాణ్ణి.

కానీ చర్చి అంతా ఆయన వెనక లేదు, అది మర్చిపోకండి. మాగ్నా కార్టా రాతలో లాంగ్టన్ చెయ్యి ఉంది, మొదటి క్లాజే ఇంగ్లండ్ చర్చి స్వేచ్ఛ. పోపు ఎంచిన మనిషే పోపు కొట్టేసిన పత్రం వైపు నిలబడ్డాడు. తిరుగుబాటుదార్లని వెలివేయమంటే తటపటాయించినందుకు అతన్నే సస్పెండ్ చేశారు. ఇక ఆ తిరుగుబాటు నాయకుడు రాబర్ట్ ఫిట్జ్‌వాల్టర్ తనకి తాను పెట్టుకున్న బిరుదు చూడండి: దేవుడి సైన్యానికీ పవిత్ర చర్చికీ సేనాని. అంటే పోపు ఒకవైపు, పవిత్ర చర్చి పేరు ఇంకోవైపు.

జేఎల్_ప్రిపరేషన్ | మంగళవారం, రాత్రి 10:20

బుర్ర తిరుగుతోంది కానీ బాగుంది. ఒక డౌట్. ప్రభువులకి జాన్ మీద అంత కసి ఎందుకు? పన్నులు అందరు రాజులూ వేస్తారుగా.

కరణంగారి_అరుగు | బుధవారం, ఉదయం 6:50

కసి పన్నుల మీద కంటే ఎక్కువగా, చట్టం పేరుతో జరిగే దోపిడీ మీద. భూస్వామ్య పద్ధతిలో రాజుకి కొన్ని హక్కులున్నాయి: తండ్రి పోతే కొడుకు రుసుము కట్టి భూమి తీసుకోవాలి, మైనరు వారసుడి ఆస్తి ప్రభువు చేతిలో ఉంటుంది, వితంతువు పెళ్లికి ప్రభువు అనుమతి కావాలి, యుద్ధానికి రాకపోతే స్క్యూటేజ్ అనే డబ్బు కట్టాలి. ఇవేవీ జాన్ కనిపెట్టలేదు. కానీ రేటు ఎంతో ఎక్కడా రాసి లేదు. జాన్ పిండింది అక్కడే. స్క్యూటేజ్ తన పాలనలో 11 సార్లు వేశాడు.

జెఫ్రీ ద మాండవిల్ అనే ఎర్ల్ చేత 1214లో గ్లాస్టర్ వారసురాలు ఇసబెల్లాని పెళ్లి చేసుకోవడానికి 20,000 మార్కులు ఒప్పించాడు. ఈ ఇసబెల్లా ఎవరో తెలుసా, జాన్ వదిలేసిన మొదటి భార్య! (రెండో ఇసబెల్లా వేరు, పైన చెప్పిన అంగులేమ్ పిల్ల.) అంత డబ్బు ఎవడు కట్టగలడు? కట్టలేడని రాజుకీ తెలుసు. కట్టలేనంత బాకీలో ఉన్నవాడు తోక ఝాడించడు, అదే లెక్క. జెఫ్రీ ఏడాది తిరిగేసరికి తిరుగుబాటుదార్లలో తేలాడు, లెక్క అక్కడ తప్పింది.

ఓమాల్ కౌంటెస్ హవీస్ ఇంకో రకం. ముగ్గురు భర్తలు పోయాక, మళ్లీ పెళ్లి చేయకుండా నన్ను వదిలేయండి, నా ఆస్తి నాకివ్వండి అని 5,000 మార్కులకి ఒప్పుకుంది. మాగ్నా కార్టా 2వ క్లాజులో బారన్ (పెద్ద ప్రభువు) వారసుడికి 100 పౌండ్లు, నైటు భూమికి 100 షిల్లింగులు అని రేటు కట్టడం, 8వ క్లాజులో వితంతువుని బలవంతంగా పెళ్లికి నెట్టొద్దనడం ఇలాంటి బాధల్లోంచి పుట్టినవే.

నాకు ఇష్టమైన ఎంట్రీ ఒకటి ఉంది. రాజుకి ఎవరెవరు ఏమేం కట్టారో రాసుకున్న చిట్టాలో 1204 క్రిస్మస్ నాటి మాట: హ్యూ ద నెవిల్ భార్య, తన భర్తతో ఒక్క రాత్రి గడపడానికి రాజుకి 200 కోళ్లు ఇస్తానంది. జోకో, నిజమో, అవమానమో, చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. హ్యూ మాత్రం జాన్‌కి ముఖ్యమైన అధికారి. 1216లో ఇంగ్లండ్ మీదికి వచ్చిన ఫ్రెంచి పక్షంలోకి దూకాడు.

గుంటూరు_మిర్చి | బుధవారం, ఉదయం 7:05

200 కోళ్లు!! ఆ రాత్రి ఇంట్లో కూర ఏం వండుకున్నారో.

మోడరేటర్ | బుధవారం, ఉదయం 9:00

రెండు పోస్టులు తీసేశాం. ఇప్పటి మతాల మీద, ఇప్పటి పార్టీల మీద కోపం తీర్చుకోవడానికి ఇది చోటు కాదు. 13వ శతాబ్దంలోనే ఉందాం.

ఓరుగల్లు_తోరణం | బుధవారం, ఉదయం 10:25

మోడరేటర్ గారూ, 13వ శతాబ్దంలోనే ఉంటూ మన వైపు ఒక్కసారి రావచ్చా? జాన్ గద్దెనెక్కిన 1199లోనే కాకతి గణపతిదేవుడు కూడా ఓరుగల్లులో పాలన మొదలుపెట్టాడు. మాగ్నా కార్టా 41వ క్లాజు వర్తకులు నిర్భయంగా రావచ్చు, పోవచ్చు, అన్యాయపు సుంకాలు ఉండవంటుంది. గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం (1244) కూడా సముద్ర వర్తకులకే. తుపానుకి ఓడ దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే పాత రాజులు సరుకంతా లాక్కునేవారు, మేం న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోం అంటాడు. ఆ రాయి ఇప్పటికీ బాపట్ల జిల్లాలో ఉంది. మన సామంతుల్నీ, నాయంకర పద్ధతినీ (సైనిక సేవకి భూమి ఇవ్వడం) యూరప్ పద్ధతి పక్కన పెట్టి పోల్చి చూస్తే ఇదీ అదీ ఒకటే కదా?

పాతపుస్తకాలు | బుధవారం, ఉదయం 11:15

తోరణం గారూ, ఏడాది కలవడం ముచ్చటగా ఉంది. కానీ మోటుపల్లిలో రాజు తనంతట తాను ఇచ్చాడు, రేవుకి వ్యాపారం రావాలని. రన్నీమీడ్‌లో రాజు చేత రాయించుకున్నారు. అందుకే 61వ క్లాజు ఉంది: రాజు మాట తప్పితే 25 మంది ప్రభువులు ఆయన కోటలు, భూములు పట్టుకోవచ్చు. అలాంటి షరతు పెట్టుకున్న శాసనం మన వైపు నేను చూడలేదు.

చర్చి విషయంలో తేడా ఇంకా పెద్దది. మన దగ్గర గుళ్లకీ, అగ్రహారాలకీ మాన్యాలు దండిగా ఉన్నాయి. కానీ అన్ని గుళ్ల మీదా హుకుం చెల్లే ఒక పీఠం, దానికి సొంత కోర్టు, ఏ రాజు రాజ్యంలోనైనా పూజలు ఆపించే అధికారం లేవు. ఫిలిప్‌కే 1200లో, భార్య ఇంగబోర్గ్‌ని వదిలేసినందుకు ఫ్రాన్స్ మీద నెలల తరబడి ఇంటర్‌డిక్ట్ పడింది. యూరప్‌లో రాజుకి ఎదురుగా అలాంటి ఇంకో యంత్రాంగం ఉండటమే ఈ కథకంతటికీ ఇరుసు.

రైతుబిడ్డ | బుధవారం, మధ్యాహ్నం 2:10

మళ్లీ నా ప్రశ్నకే వస్తున్నా. ఆ మాగ్నా కార్టాలో రైతుకి ఏం దక్కింది?

కరణంగారి_అరుగు | బుధవారం, సాయంత్రం 5:30

సూటిగా చెప్పాలంటే చాలా తక్కువ. అందరూ గొప్పగా చెప్పే 39వ క్లాజు, చట్టం ప్రకారం తప్ప ఎవరినీ పట్టుకోరాదు, జైల్లో పెట్టరాదు అనేది, ‘స్వతంత్రుడి’కి మాత్రమే. ఊళ్లలో చాలామంది విలెయిన్లు, అంటే భూమికి కట్టుబడ్డవాళ్లు. వారంలో కొన్ని రోజులు దొర పొలంలో వెట్టి. కూతురి పెళ్లికి దొరకి రుసుము. ఇంటి పెద్ద పోతే కొట్టంలో మంచి పశువు దొరకి, దాని తర్వాతది చాలాచోట్ల పాదిరీకి. దొర అంటే ఎప్పుడూ కత్తి పట్టినవాడే అనుకోకండి, బిషప్ ఊళ్లలోనూ అదే వెట్టి. వించెస్టర్ బిషప్ ఎస్టేట్ల లెక్కల చుట్టలు 1208-09 నుంచి మిగిలాయి, అంటే ఇంటర్‌డిక్ట్ నడుస్తున్న ఏడాదివే. గంటలు మూగబోయాయి గానీ గుమాస్తా కలం ఆగలేదు.

20వ క్లాజులో విలెయిన్ ప్రస్తావన వస్తుంది: జరిమానా వేసినా సాగు సరంజామా లాక్కోవద్దని. సంతోషించేలోపే 1217లో మళ్లీ జారీ చేసినప్పుడు చిన్న సవరణ చేశారు, ‘మా వాళ్లు కాని విలెయిన్లు’ అని. అంటే రాజు సొంత ఊళ్ల రైతుని రాజు ఎంతైనా పిండుకోవచ్చు.

రైతుబిడ్డ | బుధవారం, సాయంత్రం 5:44

అనుకున్నా.

లింకన్_నుంచి | బుధవారం, రాత్రి 7:20

1215 నాటి ప్రతులు ఇప్పుడు మిగిలింది నాలుగే. రెండు బ్రిటిష్ లైబ్రరీవి, ఒకటి సాల్స్‌బరీది, ఒకటి మా లింకన్ కెథెడ్రల్‌ది, దాన్ని కోటలో భద్రపరిచి చూపిస్తారు. గది మసక వెలుతురు. ఒక్క తోలు పత్రం, సన్నటి లాటిన్ రాత, క్లాజుల నంబర్లు లేవు, పేరాలు లేవు, అంతా ఒకే పారుదల. నంబర్లు తర్వాతివాళ్లు వేసుకున్నవి. జాన్ సంతకం కోసం వెతికేవాళ్లుంటారు. రాజు సంతకం పెట్టలేదు, రాజముద్ర వేయించాడు. ఈ ప్రతికి ఆ ముద్ర కూడా మిగల్లేదు. వెనకవైపు ‘లింకోల్నియా’ అని చిరునామాలా రాసి ఉంది.

పోపుకి రాసివ్వడం పనికొచ్చిందా లేదా అంటే నా సాక్ష్యం ఈ ఊరే. 1216 అక్టోబర్‌లో జాన్ ఇక్కడే ఇంగ్లండ్‌లోని నెవార్క్‌లో చనిపోయాడు. సగం దేశం, లండన్‌తో సహా, తిరుగుబాటు ప్రభువుల పక్షాన వచ్చిన ఫిలిప్ కొడుకు లూయీ చేతిలో ఉంది. జాన్ కొడుకు హెన్రీకి తొమ్మిదేళ్లు. వెస్ట్‌మినిస్టర్‌కి వెళ్లే దారి లేక గ్లాస్టర్‌లో పట్టాభిషేకం చేశారు. పక్కన ఎవరున్నారు? పోపు ప్రతినిధి గ్వాలా, అప్పట్లో ఫిలిప్ మీదికి కత్తి ఎత్తనన్న ఆ ముసలి విలియం మార్షల్. పిల్లవాడు పోపు సామంతుడు కాబట్టి, అతన్ని కాపాడటం పోపు ధర్మం. గ్వాలా లూయీ పక్షాన్ని వెలివేశాడు. 1217 మే 20న లింకన్ మీదికి వచ్చిన రాజసైన్యం బట్టల మీద తెల్ల శిలువలు కుట్టుకుంది. సొంత దేశపు ప్రభువుల మీద పోరాటం అచ్చం క్రూసేడులాగా తయారైంది.

అప్పటిదాకా లింకన్ కోటని నిలబెట్టింది నికోలా ద లా హే అనే అరవై దాటిన వితంతువు. జాన్ పోయే ముందు ఆమెని ఈ కౌంటీకి షెరీఫ్‌ని (రాజు తరఫు అధికారిని) చేశాడు. రాజపక్షం గెలిచింది. గెలిచాక తమ ఊరినే దోచింది, చర్చిలని కూడా వదల్లేదు. పారిపోతూ పడవల్లో కిక్కిరిసి ఎక్కిన ఆడవాళ్లు, పిల్లలు మునిగిపోయారు. దానికి గెలిచినవాళ్లు ‘లింకన్ సంత’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

లూయీ ఆ సెప్టెంబర్‌కి 10,000 మార్కులు పుచ్చుకుని వెళ్లిపోయాడు. అంటే జాన్ వంశం నిలబడింది. జాన్ చేసిన పనుల్లో చివరిదాకా పనిచేసింది ఆ రాసిచ్చిన కాగితమే అంటాను.

నల్లకోటు | బుధవారం, రాత్రి 8:00

ఇంకో సంగతి జోడించండి. పోపు కొట్టేసిన అదే మాగ్నా కార్టాని 1216 నవంబర్‌లో, ఆ 61వ క్లాజు లాంటివి తీసేసి, గ్వాలా సొంత ముద్ర వేసి మళ్లీ జారీ చేయించాడు. రాజు చిన్నవాడు, ప్రభువులని వెనక్కి లాక్కోవాలి. ఏడాది కిందట పాపం, ఇప్పుడు పుణ్యం. 1225లో హెన్రీ మళ్లీ ఇచ్చినదే తర్వాత చట్టంగా నిలిచింది.

జేఎల్_ప్రిపరేషన్ | బుధవారం, రాత్రి 9:15

అందరికీ చాలా థ్యాంక్స్. పిరమిడ్ బొమ్మ చెరిపేసి, బాణాలు అటూ ఇటూ పోయే ఇంకో బొమ్మ గీసుకున్నాను, చూస్తే నాకే అర్థం కావట్లేదు. ఆఖరి ప్రశ్న: ఆ 1,000 మార్కులు ఎప్పటిదాకా కట్టారు?

పాతపుస్తకాలు | బుధవారం, రాత్రి 10:02

కొన్నేళ్లు కట్టి, కొన్నేళ్లు ఎగ్గొట్టి లాగారు. చివరి చెల్లింపు 1333లో. తర్వాత పోపు బకాయి అడిగితే 1366లో మూడో ఎడ్వర్డ్ విషయాన్ని పార్లమెంటు ముందు పెట్టాడు. ప్రభువులు, బిషప్పులు, కామన్స్ (సామాన్యుల ప్రతినిధులు) అందరూ ఒకే మాట అన్నారు: మా సమ్మతి లేకుండా రాజ్యాన్ని ఇంకొకరి కింద పెట్టే హక్కు జాన్‌కి లేదు, అది చెల్లదు. నల్లకోటు గారు మొదట్లో చెప్పిన మాటే దాదాపుగా.

జాన్ 1213లో రాయించిన పత్రంలో మాత్రం ‘మా బారన్ల ఉమ్మడి సలహాతో’ అనే ఉంది.